సోములమ్మ తుడిచిన మోటారు

నా పేరు వరహాలరావు. శృంగవరపుకోట మా ఊరు. ముప్ఫై ఏళ్ళు మోటార్లు నడిపాను. నా నడపడం గురించి ఎవరేమన్నా పడతాను. కానీ, "వరహాలూ, నీ బండి ఎప్పుడూ తళతళలాడుతూ ఉండేదయ్యా, ఏం చేసేవాడివి?" అని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే నన్ను మెచ్చుకుని పోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మెరుపు నాది కాదయ్యా, సోములమ్మది అంటాను. ఎవరికీ తలకెక్కదు. కొండ మనిషి, మోటారెక్కి ఎరగని మనిషి, నీకు పని నేర్పిందా అని నవ్వుతారు. నవ్వండి. నేర్పింది. నా చేత చీవాట్లు తిని మరీ నేర్పింది.

సోములమ్మది బొర్రా దాటి అరకు వైపు పోయే దారిలో ఇరవై గడపల పల్లె. కొండదొరల తెగ ఆడమనిషి. ఆ రోజుల్లో నలభై దాటి ఉంటాయి. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట మాత్రం గట్టి. ఆ చుట్టుపక్కల ఏ పల్లెలో కొత్త ఇల్లు లేచినా గోడలు పామడానికి ఆమెనే పిలిచేవారు. ఎర్రమట్టి జల్లించి, నానబెట్టి, అరచేత్తో ఆమె పామిన గోడ మీద వేలు పెడితే జారిపోయేది. కొండ మీద తేనెపట్లు తీసినవాళ్ళు పిండి పారేసే మైనాన్ని కూడా ఆమె ఏరుకొచ్చి, కాచి, వడకట్టి ముద్దలు చేసి దాచుకునేది. మొగుడు గాసి అస్సాం తేయాకు తోటలకు పోయి తొమ్మిదేళ్ళైంది. మళ్ళీ రాలేదు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక్క చేను. వాళ్ళమ్మ పొదలు కొట్టి, మోడులు పీకి బాగుచేసిన నేల. అందులో ఒక ఏడు చోళ్ళు, అంటే రాగులు, ఒక ఏడు నూనెగింజ వలిసెలు వేసుకునేది. ఆ నూనెతో, ఆ గింజతో ఎవరి గడపా తొక్కకుండా బతికేది.

ఇక మా బాబుగారి సంగతి చెప్పాలి. జగన్నాథరావు గారు చిన్న జమీందారు. మేం బాబుగారనేవాళ్ళం, కొండవాళ్ళు దొరా అనేవాళ్ళు. ఆయనకు మోటారంటే ప్రాణం. నేను నడిపింది ఆ నీలం రంగు బండినే. మద్రాసులో ఏడు పూతలు వేయించి, పైన వార్నీషు పట్టించి తెచ్చారు. పొద్దున్నే బండి తలుపు ముందు నిలబడి, అందులో చూసుకుంటూ మీసం దువ్వుకునేవారు. ఇంట్లో నిలువుటద్దాలు లేకనా? ఆ నీలంలో మీసం బాగా కనిపిస్తుందట! పెద్దవాళ్ళ సరదాలు, మనమేమంటాం?

పంతొమ్మిది వందల ఇరవైయారో సంవత్సరం కార్తీకంలో ఆయనకూ, మరో ముగ్గురు మోటారు ఆసాములకూ పందెం పిచ్చి పట్టుకుంది. కొండల మధ్య చదును నేల కావాలన్నారు. వెతికి వెతికి సోములమ్మ పల్లె దగ్గర దొరికిందన్నారు. మైలున్నర చుట్టు బాట. మధ్యలో ఒకచోట గెడ్డ, అంటే కొండవాగు, దాటాలి. మిగతాదంతా చదును. ఆ చదునులో సగం సోములమ్మ వలిసె చేను. నిండా పూతకొచ్చి, పచ్చగా విరగబూసి ఉంది. ఆ కొండపల్లెల పెత్తందారు ముఠాదారు. అతని మనుషులు వచ్చి పూత మీదే తాళ్ళు పట్టి గీతలు గీశారు. పల్లె ఆడవాళ్ళను వెట్టికి పిలిచారు. తన చేను మీద తనే మట్టి మోసింది సోములమ్మ. తన పూత మీద తనే దిమ్మిస కొట్టింది.

బాట చూడ్డానికి బాబుగారితో వెళ్ళినప్పుడు ఆమె నా దగ్గరకొచ్చి నిలబడింది.

"బాబూ, ఈ ఒక్క ఏడేనా, ఏటేటా ఇక్కడే తోల్తారా?"

"బాబుగారికి బాట నచ్చింది. ఏటేటా ఇక్కడే," అన్నాను.

"ఈ ఏడు పంట పోయింది, పోనీ. నేల పోతే నానేటి తిని బతకాల? నువ్వు దొర పక్కనుండేవోడివి. ఒక్క మాట సెప్పరాదా?"

"నాకేటి పని? మీ ముఠాదారుకి సెప్పుకో," అనేసి బానెట్టు మూసుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. చేతిలో స్టీరింగు ఉంటే చాలు, భూమి మీద ఇంకెవరి బాధా కనబడని వయసు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పందెం మార్గశిరంలో జరిగింది. బండెక్కేముందు బాబుగారు నా భుజం పట్టుకుని, "ఏరా వరహాలూ, గెడ్డలో పలుగురాళ్ళున్నాయి. అక్కడ నెమ్మదిగా దాటు. ఓడిపోయినా ఏమనను. రంగు లేచిపోతే మాత్రం రేపటి నుంచి నువ్వు ఎడ్లబండి తోలుకోవాల్సిందే," అన్నారు. చిత్తం అన్నాను. నాలుగు చుట్లు అలాగే దాటాను. అయిదో చుట్టులో కాఫీ తోట దొర బండి నా ముందు పోతోంది. అతను గెడ్డ దగ్గర వేగం తగ్గించాడు. నా బుద్ధి గడ్డి తింది. తొక్కిపెట్టి, నీళ్ళు రెండు పక్కలా ఎగజిమ్ముతూ అతణ్ణి దాటేశాను. అడుగున ఠంగు ఠంగున రాళ్ళు తగిలిన చప్పుడు నా చెవులకు బాగానే వినబడింది. గెడ్డ దాటాక సోములమ్మ చేను. అక్కడ నేల అలికిన అరుగంత నునుపు, చక్రం చప్పుడు కూడా లేదు. ఆ నున్నని నేల మీదే ముందుకు ఉరికి గెలిచాను. షామియానా కింద జనం కేకలు, ఈలలు. బాబుగారు గంతులొక్కటే తక్కువ.

"సాయంత్రం నాలుగింటికి విశాఖపట్నం ఫోటోగ్రాఫరు బండిని ఫోటో తీస్తాడు. కడిగి సిద్ధం చెయ్యి," అని చెప్పి అతిథులతో భోజనాలకు వెళ్ళారు. అప్పటికి పదకొండు.

బండి చూస్తే నెత్తి నుంచి పాదాల దాకా ఎర్రమట్టి. బానెట్టు పొయ్యి మీద పెనంలా కాలుతోంది. నెత్తిన ఎండ. నాకు నీళ్ళు మోయడానికి ముఠాదారు సోములమ్మను పంపాడు. ఆమె ఎర్రకొండ ఊట నుంచి రెండు కుండలు తెచ్చింది. నీళ్ళు కాస్త ఎర్రగా కనిపించాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఈ బురద నీళ్ళా? ఎదర గెడ్డలో అద్దంలాంటి నీళ్ళు పెట్టుకుని అంత దూరం పోయేవేటి? అవి తే."

"ఆ నీరొద్దు బాబూ. గుహల కాడినుంచి వస్తాది. సున్నపు నీరు. మా కుండలకి తెల్లగా పట్టేస్తాది. ఈ నీరు కొంచెంసేపు తేరనీ, అప్పుడు సూడు."

"ఇది బండి, మీ కుండ కాదు. నాకు సెప్పొచ్చేవు! బేగి తే."

ఆమె నా ముఖం ఒకసారి చూసి, తెచ్చింది. కాలే బానెట్టు మీద కుండ కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. మరో రెండు కుండలు పోశాను. మట్టి పోయింది, నీలం బయటపడింది, నా ఛాతీ పొంగింది. తోలుగుడ్డ తెచ్చుకుందామని డిక్కీ దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి నీళ్ళు ఆరిపోయాయి. బండి నిండా తెల్లటి మచ్చలు. చుక్కలు, చారలు, ఉంగరాలు. బొల్లి పుట్టినట్టుంది. తుడిచాను, పోలేదు. గట్టిగా రుద్దాను. గుడ్డ కింద ఇసుక కర్రుమంది.

"ఒలమ్మో, రుద్దకు!" సోములమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. "ఏటిరా గుంటడా, సిన్నప్పుడు మీ యమ్మ నీకు ఇలగే రుద్ది నీళ్ళోసిందేటి? తోలూడొస్తాది. ఒగ్గు!"

నన్ను చిన్న కుర్రాణ్ణి పిలిచినట్టు గుంటడా అని పిలిచిన కూలిమనిషి అంతకుముందు లేదు. మరోరోజైతే కొట్టినంత పని చేసేవాణ్ణి. ఆ వేళ గుడ్డ కింద పెట్టేశాను. నాలుగింటికి బాబుగారొస్తారు. ఈ బండి చూస్తే నా పని అయిపోయినట్టే.

"ఏటి సెయ్యాల?" అన్నాను.

"ముందు ఆ పనస సెట్టు నీడకి తొయ్యి."

ఇద్దరం కలిసి తోశాం. నీడకు చేరాక ఆమె తీరుబడిగా కూర్చుని అడ్డచుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంది. నేను బండి చుట్టూ తిరుగుతున్నాను.

"కూసోరా. కాలిన పెనం మీద నీరెవుడేనా పోస్తాడేటి? సల్లారనీ. సెయ్యి పెట్టి సూడు. కాలకపోతే అప్పుడు నీరు."

అరగంట పట్టింది చల్లారడానికి. ఈలోపు ఆమె తెచ్చిన ఊట నీళ్ళు కుండల్లో తేరుకున్నాయి. పైన తేట చూస్తే అడుగు కనబడుతోంది. ఎర్రదనమంతా కింద పేరుకుంది. నాకు చెంప మీద కొట్టినట్టైంది.

ఆమె చుట్ట పారేసి లేచింది. ఆ తేట నీళ్ళు పైనుంచి సన్నధారగా పోసుకుంటూ వచ్చింది. గుడ్డ ముట్టనివ్వలేదు. "మట్టిని నువ్వు తుడవకు. నీరే దాన్ని కిందకి దింపాల. నువ్వు తుడిస్తే ఇసక దానిమీదే నడుస్తాది," అంది. మూడు సార్లు అలా పోశాక, తన ఆనపబుర్ర మూత తీసింది. చోడి అంబలి. పొద్దున్న ఆమె తాగడానికి తెచ్చుకుని, నా అరుపులతో తాగడం మరిచిపోయిన అంబలి. బాగా పులిసి పైన తేట కట్టింది. ఆ తేట గుడ్డలోకి వంచి, ఒక మచ్చ మీద అద్ది, పదిదాకా లెక్కపెట్టేంతసేపు ఉంచి, ఊట నీళ్ళతో కడిగేసింది. మచ్చ లేదు!

"ఓర్నాయనో!" అన్నాను.

"మా కుండలకి పట్టిన సున్నం ఇలగే పోతాది. పులుపు ఎక్కువసేపుంచితే రంగు తినేస్తాదేమో, నాకు తెలీదు. అద్దు, కడుగు. అద్దు, కడుగు."

అద్దాం, కడిగాం. రెండు గంటలు నడుం ఎత్తలేదు. పని చేస్తూనే ఆమె చేను గురించి చెప్పింది. వాళ్ళమ్మ మోడు పీకుతుంటే పాము కరిచి బతికిన సంగతి, గాసి వెళ్ళేముందు గట్టు మీద కూర్చుని ఏడ్చిన సంగతి. ఏ మాటా జాలిగా చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేనే తల ఎత్తలేకపోయాను.

"అప్పా," అన్నాను. మా వైపు అక్కను అలా పిలుస్తాం. ఆ పిలుపు ఎలా వచ్చిందో నాకే తెలీదు. "ఆవేళ నాకేటి పనని అన్నాను. తప్పయిపోయింది."

"నోరు కాదు, సెయ్యాడించు," అంది.

తోలుగుడ్డ తడిపి, పిండి, బండి మీద పరిచి లాగడం నేర్పింది. తడంతా గుడ్డే తాగేసింది. తరవాత కొంగుముడి విప్పి మైనం ముద్ద తీసింది. పల్లెలోకి పోయి వలిసె నూనె తెచ్చి, రెండూ కలిపి నిప్పు సెగన కరిగించి, చల్లార్చింది. అరచేతిలో రాసుకుని గోడ పామినట్టే బండిని పామింది. ఎంత పల్చగా అంటే, రాసిందో లేదో అని నాకు అనుమానం. పాత నేతచీర ముక్కతో మెల్లగా మెరుగు పట్టింది. చివర్న కుండలో చెయ్యి ముంచి బానెట్టు మీద నీళ్ళు చిలకరించింది. చేమాకు మీద పడ్డట్టు బొట్లుబొట్లుగా జారిపోయాయి.

"ఇంక మట్టి పడినా అంటుకోదు. నెలకోసారి పాముకో," అంది.

బండి మద్రాసు నుంచి వచ్చిన రోజు కూడా అలా లేదు. నేను ఎగిరి గంతేశాను. ఆమె మాత్రం వంగి చక్రం పైరేకు అంచు చూస్తోంది. నేనూ వంగి చూశాను. అక్కడ ఆరేడుచోట్ల పప్పుబద్దంత మేర రంగు ఎగిరిపోయి, ఇనుము కనబడుతోంది.

"ఇయ్యి పోవు. దెబ్బ తగిలి లేచిపోయింది. మైనం రాసేను, తుప్పు పట్టదు. అంతే." ఆమె నావైపు తిరిగింది. "గెడ్డలో జోరుగా తోలేవు కదూ?"

అవునన్నట్టు తలూపాను. బాబుగారి హెచ్చరిక కూడా చెప్పాను. ఆమె ఖాళీ కుండలు చంకనెత్తుకుని కడుక్కొస్తానని గెడ్డకు దిగింది. ఉద్యోగం పోయిందని నేను టైరుకు ఆనుకుని కూలబడ్డాను.

నాలుగింటికి బాబుగారు, అతిథులు, కెమెరా పెట్టెతో ఫోటోగ్రాఫరు వచ్చారు. బాబుగారు బండిని చూసి ఆగిపోయారు. తలుపు దగ్గరికి పోయి, మీసం దువ్వుకుని, "శభాష్ రా!" అన్నారు. చుట్టూ తిరిగారు. పైరేకు దగ్గర వంగారు. లేచేసరికి ముఖం కందగడ్డ.

"ఇదేమిట్రా?"

అప్పుడే గెడ్డ నుంచి వచ్చిన సోములమ్మ కుండలు దించి ముందుకొచ్చింది.

"అది నా సేను దెబ్బ దొరా."

"నీ చేనా?"

"పైకి నున్నగా కనబడతాది. కిందంతా పలుగురాయే. మా యమ్మ నాటినుంచి ఏరతన్నాం, తరగదు. ఏటేటా వానకి పైకి తేల్తాది. ఈ గుంటడు గెడ్డలో నెమ్మదిగానే దాటేడు, నాను సూసేను. నా సేనులోనే తగిలేయి." కొంగు విప్పి రెండు తెల్లటి పలుగురాళ్ళు చూపించింది. అవి తడిగా ఉన్నాయి. గెడ్డలోంచి ఏరుకొచ్చిందని చూస్తూనే నాకు తెలిసిపోయింది. "వచ్చే ఏడు ఇంకా పెద్దయ్యి లేస్తాయి. ఈ నీలం రంగు బతకదు దొరా. మీ ఇష్టం."

అంతమంది దొరల మధ్య తన గడపలో నిలబడ్డట్టు నిలబడింది. బాబుగారు ఆ రాళ్ళను చూసి, పైరేకు చూసి, నన్ను చూశారు.

"ఏరా, నువ్వు అయిదుసార్లు తిరిగావు కదా ఆ చేను మీద. నిజమేనా?"

నేను గొప్పలు చెప్పుకోను. ఆ క్షణంలో ముందు నాకు నా ఉద్యోగమే గుర్తొచ్చింది. ఆ తరవాతే ఆమె తాగని అంబలి గుర్తొచ్చింది.

"నిజమేనండి బాబూ. వెన్నెముక కదిలిపోయింది. బండి నడిపే నేల కాదది," అన్నాను.

బాబుగారు పళ్ళు నూరుకున్నారు. ముఠాదారును అక్కడికక్కడే పిలిచి, "ఏం బాట చూపించావయ్యా నువ్వు? వచ్చే ఏడు గెడ్డకు అవతల బయల్లో వేయండి. ఈ చేను మాకొద్దు," అనేశారు. సోములమ్మకు ఒక చీర ఇమ్మన్నారు. తీసుకుంది. ఎందుకు తీసుకోదు? ఆమె పని చేసింది.

మర్నాడు పొద్దున బాబుగారు అతిథులతో కలిసి కాఫీ తోటలు చూడ్డానికి ఏనుగు మీద వెళ్ళారు. నాకు పని లేదు. ఫోటో కోసం వేసుకున్న కోటుతోనే చేను వైపు నడిచాను. సోములమ్మ ఒక్కతే బాట మీద గునపం వేస్తోంది. వెట్టి ఆడవాళ్ళు దిమ్మిస కొట్టిన నేల, పైన నాలుగు మోటార్లు అయిదేసి సార్లు తొక్కిన నేల. గునపం ఖణేలుమంటోంది, పెచ్చులు మాత్రమే లేస్తున్నాయి. పూత అణిగిపోయి మట్టిలో కలిసి, అక్కడక్కడ పసుపు కనబడుతోంది. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. తొక్కింది నేనే కదా.

కోటు విప్పి గట్టు మీద పడేశాను. "ఇటియ్యి అప్పా," అని చెయ్యి చాచాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుని, పల్లెంతా వినబడేలా పకపకా నవ్వింది. గునపం నా చేతిలో పెట్టింది.

"తవ్వరా గుంటడా. ఒక్క రాయి తగిలితే నన్నడుగు!"

పొద్దు వాలేదాకా తవ్వాను. చేతులు బొబ్బలెక్కాయి. ఒక్క రాయీ తగల్లేదు.